విసనకర్ర కాని విసనకర్ర

అన్నయ్యా,

రేపు మెర్దెకా, మనం వలస వచ్చిన ఈ దేశానికి తెల్లదొరల నుంచి స్వాతంత్ర్యం. అందరూ జెండాలు కడుతుంటే నేను మాత్రం నీకు ఇది రాస్తున్నాను.

యుద్ధంలో జపాను వాళ్లు ఇక్కడ పెట్టిన బడిలో నీకు బహుమతిగా వచ్చిన బొమ్మ, చెక్కదిమ్మతో కాగితం మీద అచ్చు వేసింది, గుర్తుందా? విసనకర్ర ఆకారంలో, గడ్డిలో కుందేలు. కత్తిరించి వెదురుపుల్లలకు అంటిస్తే నిజమైన విసనకర్ర అవుతుందని, సెలవుల్లో చేస్తానని అన్నావు. ఈలోగా వాళ్లే నిన్ను సయాం అడవుల్లో రైలుదారి వేసే పనికి పట్టుకుపోయారు; మళ్లీ నీ కబురు లేదు.

యుద్ధం తర్వాత కమ్యూనిస్టులను అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో మనవాళ్లను ముళ్లకంచె లోపలికి తరలించినప్పుడు కూడా అమ్మ దాన్ని చీర మడతలో దాచి తెచ్చింది.

ఇవాళ నాన్న, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలిస్తూ, "నా కొడుకుని మింగినోళ్ల బొమ్మ ఇంకా ఏటికి, కాల్చీ లా," అన్నాడు.

అమ్మ కత్తెర తెచ్చి, అంచు వెంట కత్తిరించి, పుల్లలకు అంటించింది. జిగురు ఆరకముందే నాన్నకు విసరసాగింది.

"ఆడొచ్చి సేత్తాడనే ఇన్నేళ్లూ ఆగినాను," అంది.