సాంబ్రాణి పట్టిన మిషను

ఏమయ్యా,

నాకు అక్షరం రాదని నీకు తెలుసు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నువ్వు పోయి ఈరోజుకు రెండేళ్లు. ఇది ఏడుపు ఉత్తరం కాదు, నిన్ను తిట్టడానికే రాయిస్తున్నాను.

ఆళ్లగడ్డలో మన పెళ్లిపత్రికల దుకాణంలో నువ్వు పెట్టిన కంప్యూటర్ ఈ మధ్య కదలడం లేదు. తెర మీద ఒక పత్రిక తెరుచుకునేలోపు పెళ్లివాళ్లు బయటికి పోయి టీ తాగి వస్తున్నారు. కొత్త ప్రాసెసర్ వేయించి, కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా పరుగెత్తించాలని నీ కొడుకు పట్టుబట్టాడు.

"మీ నాయన కొన్నదాని మీద చెయ్యేస్తే చెయ్యి ఇరగ్గొడతా" అన్నాను.

అయినా నంద్యాల నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. అతను పెట్టె విప్పి, ఫ్యాను చూసి నవ్వాడు.

"ఏందవ్వా ఇది? సాంబ్రాణి మసి జిగురు మాదిరి పట్టింది. వేడెక్కి ఆగాగి నడుస్తాండాది. కొత్తదీ వద్దు, పరుగూ వద్దు."

"శుక్రవారం శుక్రవారం దానికి పూజ చేసి పొగేస్తాండా. ఇన్నేండ్లు కానిది ఇప్పుడెట్ల పాడయితాదిరా?"

"తాత శనివారం శనివారం తుడిచేటోడు. నేనే నేర్పించినా. నీకు చెప్పొద్దన్న్యాడు."

అందరి ముందు నా తల తీసేశావు. నా నోటికి భయపడ్డావో, నా మనసు నొప్పించకూడదనుకున్నావో, ఇప్పుడు ఎవరిని అడగాలి? ఒక్క మాట చెప్పి ఉంటే పొగ దూరంగా వేసేదాన్ని కదా!

మెకానిక్ తుడిచాక మిషను బాగానే నడుస్తోంది. కొత్త ప్రాసెసర్ లేదని నీ కొడుక్కి తేల్చి చెప్పాను.

వచ్చే శుక్రవారం కూడా పొగ దాని మొహానే వేస్తాను. పౌరుషముంటే వచ్చి తుడుచుకో.