పదకొండో నంబరు చెక్క మీద ఫిర్యాదు

దిగుమతి కలప డిపో ఫిర్యాదుల గుమాస్తా గారికి,

వంతెన పక్క వీధి వడ్రంగి నమస్కరించి రాసుకున్న ఫిర్యాదు. మీరు క్షేమమనే అనుకుంటాను. నేనూ క్షేమమే, కళ్లు తప్ప.

ఓడ మీద వచ్చిన పలక మీ డిపో నుంచి పోయిన నెల నాకు అందింది. మీ నమూనా ముక్కల్లో పదకొండో నంబరు, నల్లచారల ఎర్రచెక్క. నలభై ఏళ్లలో నా చేతి కిందకి ఎన్నో కలపలు వచ్చాయి గానీ ఇంత మొండిది రాలేదు. నాలుగుసార్లు చిత్రిక పట్టేసరికి బ్లేడు మొద్దుబారుతోంది. ఒళ్లంతా జిడ్డు, స్పిరిటుతో తుడిస్తే గానీ జిగురు పట్టదు. ఇదేమీ ఫిర్యాదు కాదు. మంచి చెక్కకి ఆమాత్రం పొగరు ఉండాలి.

ఫిర్యాదు ఏమిటంటే, దీని పొడికి నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఒక చుక్కా రెండు చుక్కలా, ధారగా. కాబట్టి "ఈ చెక్క పొడికి కళ్లు నీళ్లు కారతాయి, అందులో మనిషి ప్రమేయం ఏమీ లేదు" అని మీ డిపో కాగితం మీద రాసి, ముద్ర వేసి, వెంటనే పంపగలరు.

ఇట్లు,
వడ్రంగి

తా.క.: ముద్ర కాస్త పెద్దది వేయండి. చూడవలసిన మనిషికి చిన్న ముద్రల మీద నమ్మకం లేదు.

*

గౌరవనీయులైన వడ్రంగి గారికి,

డిపో ఫిర్యాదుల గుమాస్తా వ్రాయునది. మీ ఉత్తరం మా మేనేజరు గారు రెండుసార్లు చదివి, మంచినీళ్లు తాగి, మీరు నష్టపరిహారం కోసం కేసు వేయబోతున్నారని తేల్చారు. "మనిషి ప్రమేయం" అన్న మాట వకీలు చెప్పందే వడ్రంగికి తట్టదట.

అందుచేత తెలియజేయునది ఏమనగా, మా చెక్కలో ఎలాంటి దోషమూ లేదు. పలకను కోసే ముందు మూడు వారాలు గదిలో నిలబెట్టి అక్కడి గాలికి అలవాటు చేశారా? గదికి కిటికీ ఉందా? పక్కన వంటిల్లు ఉందా? అందులో ఉల్లిపాయలు తరిగేది ఎవరు?

అయినా మీకు ఇబ్బంది కలిగింది కాబట్టి, వచ్చే సోమవారం లారీ పంపి చెక్కను పూర్తిగా వెనక్కి తీసుకుంటాం. కోసిన ముక్కలూ పొట్టూ సంచిలో కట్టి ఉంచగలరు.

భవదీయురాలు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క.: మా ఫారంలో పగులు, పురుగు, వంకర అని మూడే గళ్లు ఉన్నాయి. కన్నీళ్లకు గడి లేదు. ప్రస్తుతానికి మిమ్మల్ని వంకర కింద రాశాను.

*

అమ్మా గుమాస్తా,

లారీ పంపారో, గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ చెక్క ఈ గది దాటదు. నాకు పరిహారం వద్దు, పాడూ వద్దు. ఒక్క కాగితం అడిగితే ఇంత రాద్ధాంతమా? మూడు వారాలు నిలబెట్టాను. కిటికీ ఉంది. వంటిల్లూ ఉంది. ఉల్లిపాయలు తరిగే మనిషి పోయి మూడు నెలలైంది.

ఆ పదకొండో నంబరు ముక్కను ఏరింది మా ఆవిడే. మీ డిపోకి వచ్చి, నమూనాలన్నీ బల్ల మీద పరపించి, ఒక్కొక్కటే కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి తిప్పి తిప్పి చూసింది. టేకు చాలులే అన్నాను. "ఊరందరికీ పెట్టెలు చేస్తావు. నా సూదులూ దారం రీళ్లూ ముప్పై ఏళ్లుగా బిస్కెట్ల డబ్బాలో దొర్లుతున్నాయి. చేసేది ఒక్కటి, అదైనా నాకు నచ్చిన చెక్కతో చెయ్యి" అంది. ఓడ రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆవిడ ఐదు నెలలే ఆగింది.

ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. ఇంటినిండా జనం ఏడుస్తుంటే నేను వదులైన తలుపు బందుకి మర బిగిస్తూ కూర్చున్నాను. మా అమ్మాయి అది చూసింది. "నాన్నా, నువ్వు మనిషివా మానువా?" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఉత్తరం లేదు, ఫోను లేదు.

పది రోజుల క్రితం వాళ్లమ్మ బిస్కెట్ల డబ్బా తీసుకుపోతానని వచ్చింది. నేను అప్పుడు పెట్టె మూలలు గరుకు కాగితంతో రుద్దుతున్నాను. మొహమంతా నీళ్లు. అది చూసి గుమ్మంలోనే కూలబడింది. "ఇన్నాళ్లూ లోపలే దాచుకున్నావా నాన్నా" అని నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. డబ్బా మాట మరిచిపోయింది. ఇప్పుడు రోజూ వచ్చి వండిపెడుతోంది.

నాకు ఆ ముద్ద దిగడం లేదమ్మా. నాసిరకం చెక్క మీద పలుచని పొర అంటించి అసలు కలప అని నేను ఏనాడూ ఎవరికీ అంటగట్టలేదు. ఇప్పుడు కన్నకూతురికి చెక్కపొడి కన్నీళ్లు అంటగట్టాను. నోటితో చెబుదామంటే నోరు పెగలడం లేదు. మీ కాగితం చేతికిచ్చి తల వంచుకుని కూర్చుంటాను. ఆపైన తను ఉంటుందో పోతుందో తన ఇష్టం.

ఇట్లు,
వడ్రంగి

తా.క.: వంకర అని రాశారు చూడండి, అది సరిగ్గానే రాశారు. కొట్టేయకండి.

*

వడ్రంగి బాబాయిగారికి,

ఇది డిపో కాగితం కాదు, నా సొంతం. లారీ రాదు, నిశ్చింతగా ఉండండి. మీ ఉత్తరం మేనేజరు గారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు కళ్లు తుడుచుకుని, "ఆ కాగితంలో పొడి ఉంది, దులిపి ఫైల్లో పెట్టు" అన్నారు.

మీరు రాసింది నిజమే. ఆ పొడి చాలామంది కళ్లకు పడదు. కోత మిల్లులో మా వాళ్లు అద్దాలు లేకుండా దాన్ని ముట్టరు. కానీ పరీక్ష చేయందే ముద్ర వేయనని మేనేజరు గారు భీష్మించుకున్నారు. అందుకని అన్ని వైపులా మూసుకుపోయే కళ్లద్దాలూ, ముక్కుకు గుడ్డా పంపుతున్నాను. మూడు రోజులు పెట్టుకుని పని చేయండి. నీళ్లు ఆగితే తప్పు చెక్కదే. మర్నాడే కాగితం పంపుతాను.

బాబాయిగారూ, మీ అమ్మాయిలాంటిదాన్ని కాబట్టి అడుగుతున్నాను. ఆ కాగితం చూపించకపోతే కొంప మునుగుతుందా? తను వస్తోంది, మీరు వేళకి తింటున్నారు. ఊరుకోకూడదా?

మీ మంచి కోరే,
గుమాస్తా

తా.క.: మా దగ్గర పెద్ద ముద్ర లేదు. ఉన్నదాన్నే రెండుసార్లు వేస్తానంటున్నారు.

*

అమ్మాయ్,

నీ కళ్లద్దాలు అందాయి. పెట్టుకుంటే కప్పలా ఉన్నానని మా అమ్మాయి నవ్వింది. వాళ్లమ్మ పోయాక ఈ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు.

మొదటి రోజు మూత అంచులు రుద్దాను. చుక్క రాలేదు. రెండో రోజూ అంతే. అయితే తప్పు చెక్కదే, కాగితం తెప్పించుకోవాల్సిందే అనుకున్నాను.

మూడో రోజుకి పెట్టె పూర్తయింది. పాలిష్ ఆరింది. పొట్టంతా ఊడ్చి, బల్ల తడిగుడ్డతో తుడిచాను. అద్దాలు మాత్రం తీయలేదు, పరీక్ష అన్నాక పరీక్షే. బిస్కెట్ల డబ్బా తెచ్చుకుని ఒక్కొక్కటే పెట్టెలోకి సర్దాను. కత్తెర, కొలత టేపు, గుండీలు, రీళ్లు. డబ్బా అడుగున ఒక సూది, దారం ఎక్కించే ఉంది. గుండీ ఊడిన నా పని చొక్కా రంగు దారం. ఆవిడకి చూపు ఆనేది కాదు. "కాస్త దారం ఎక్కించి పెట్టవూ" అని ఎప్పుడూ నన్నే పిలిచేది. చేతిలో పని ఉంది, ఆగు అనేవాణ్ణి. ఈ సూదికి మాత్రం పిలవలేదు. ఎన్నిసార్లు తడిపి ఎన్నిసార్లు గుచ్చి చూసిందో, దారం కొస నలిగి పోగులుగా విడిపోయింది.

అద్దాల లోపల నీళ్లు నిండిపోయాయమ్మా. గదిలో పొడి అణువంతైనా లేదు. ఎదురుగా ఉన్న పెట్టె నాకు కనపడలేదు. మా అమ్మాయి వచ్చి అద్దాలు తీసి, చేత్తో మొహం తుడిచింది. అప్పుడు పెగిలింది నోరు. మొన్నటివి పొడికి వచ్చినవి, ఇవి కావు అని చెప్పేశాను.

"తెలుసు నాన్నా. మొన్న గుమ్మంలోకి రాగానే నా కళ్లూ మండాయి" అంది. "నీ దగ్గరికి రావడానికి నాకూ ఒక వంక కావాలి కదా."

కాగితం పంపకు. మీ చెక్క మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇట్లు,
బాబాయి

తా.క.: కళ్లద్దాలు తిప్పి పంపుతున్నాను. లోపల మరకలున్నాయి, ఉప్పువే, తడిగుడ్డతో పోతాయి. నా చొక్కాకి గుండీ ఇంకా కుట్టుకోలేదు. కుడితే ఆ దారం అయిపోతుంది.