కంప్యూటర్ నీకిచ్చిన కారు

ఏమయ్యా,

నువ్వు పోయి ఏడాదయింది. రేషన్ కార్డులో నీ పేరు అలాగే ఉంచాను. ఈ నెల బియ్యం ఆగిపోతే ఇబ్రహీంపట్నం ఆఫీసుకు వెళ్లాను. నీ పేరున కారుందని కంప్యూటర్ చెప్పిందట, కారున్నవాళ్లకు బియ్యం రావట.

"సైకిల్ ఎక్కనీకే భయపడే మనిషి. సచ్చినంక కారు నేర్చుకున్నడా బిడ్డా?" అన్నాను.

గుమస్తా నవ్వాపుకున్నాడు. "అదే పేరున్నోళ్లది కలిసినట్టుందవ్వా. కంప్యూటర్ చెప్పినంక మేం కాదనలేం. ఆయన లేడు, కారు లేదు అని రాసియ్యి."

"ఎదురుంగ నిలబడి చెప్తే నమ్మరు, డబ్బా చెప్తే నమ్ముతరా?"

"జర రాసియ్యవ్వా."

కలం పట్టుకోగానే రావిర్యాల రోడ్డు కళ్లముందు కదిలింది. కొత్త మేడల నడుమ తెల్ల కారులో, మోచెయ్యి కిటికీ మీద ఆనించి, నువ్వు మెల్లగా వెళ్తున్నావు. వెనకవాళ్లు హారన్ కొడుతున్నా నీకు పట్టడం లేదు. పక్క సీటు ఖాళీగా ఉంది.

కారు లేదని రాశాను. నువ్వు లేవని మాత్రం రాయకుండానే కలం పక్కన పెట్టాను.

"సోమవారం వస్త" అని లేచి వచ్చేశాను.

ఇంట్లో డబ్బాలో ఉన్న బియ్యం అప్పటిదాకా సరిపోతాయి. అందాకా నీకు నచ్చినచోటల్లా తిరుగు. బ్రేకు మీద నుంచి మాత్రం కాలు తీయకు.