గట్టు మీద గుర్రప్పిల్ల

జులై 7, ఆదివారం
గుర్రం వ్యానులోంచి దిగింది. మూడేళ్ళ ఆడపిల్ల. ఎర్రది, నుదుట తెల్ల చుక్క. ఇంతవరకూ దీని వీపు మీద ఎవరూ కూర్చోలేదు. కొన్న దొరబాబు దీనికి కింగ్ అని పేరు పెట్టాడు. ఆడదండీ అన్నాను. అయితే ఏంటండి ఆరోన్ గారూ, పేరు బాగుంది కదా అన్నాడు. భీమవరం పక్కన నూట ఇరవై ఎకరాల రొయ్యల చెరువులున్న మనిషి. బుర్ర మాత్రం చెరువుల్లోనే ఎక్కడో జారిపోయింది.

అక్టోబరు 20న అతని యాభయ్యో పుట్టినరోజు. గుర్రమెక్కి ఊళ్ళోంచి ఫంక్షన్ హాలుకి వెళ్ళాలట. మనిషి తొంభై ఎనిమిది కిలోలు. పదిహేనేళ్ళు హైదరాబాద్‌లో రేసు గుర్రాల దగ్గర చేసి, చివరికి ఇలాంటివాళ్ళకి ట్రైనర్‌ని అయ్యాను.

జులై 10
షెడ్డు చెరువుల మధ్యనే. రొయ్యలకి గాలందించే ఏరియేటర్లు రాత్రీ పగలూ నీళ్ళు చిమ్ముతూ ఒకటే గోల. మూడు రోజులు పిల్ల బెదిరిపోయి మేత ముట్టలేదు. ఈ రోజు తింది. మంచిదే. ఈ గోలకి అలవాటు పడితే రేపు డీజేకి భయపడదు. ఈ కిటుకు అర్థమయ్యే మనిషి ఇక్కడ ఒక్కడూ లేడు.

జులై 30
కళ్ళెం పెట్టాను. పొడుగు తాడు కట్టి షెడ్డు ముందు గుండ్రంగా తిప్పుతున్నాను. చెరువుల కాపలాదారు పోతురాజు పని మానేసి చూస్తూ కూర్చుంటాడు. ఎండుచేప పెడితే తింటదాండి అని అడిగాడు. నా ఖర్మ.

ఆగస్టు 16
జీను వేసి, దాని మీద రొయ్యల మేత బస్తా కట్టి నడిపించాను. దొరబాబు కన్నా బస్తాకే కుదురెక్కువ.

సెప్టెంబరు 5, ఉదయం 6.10
ఎక్కాను! గట్టు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాం. దిగాక నా భుజం మీద మూతి ఆనించి పెద్దగా ఊపిరి వదిలింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. రెబెక్కాకి ఫోన్ చేసి చెప్పాను. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత సంతోషంగా మాట్లాడలేదండి మీరు అంది.

సెప్టెంబరు 14
పోతురాజు నాకు సలహా చెప్పాడు. ఇదొక్కటే తక్కువైంది. కరెంటు పోయాక జనరేటర్ వేసేలోగా రెండు నిమిషాలు ఏరియేటర్లు ఆగుతాయి కదండి, అప్పుడు పిల్ల వణికిపోతోందండి, తాడు తెంపేసుకునేలా ఉంటోందండి, ఓసారి చూడండి అన్నాడు. చప్పుడుకి బెదిరే గుర్రాల్ని చూశాను. చప్పుడు ఆగితే బెదిరేదాన్ని ఎక్కడా చూడలేదు. నీ రొయ్యల సంగతి నువ్వు చూసుకో అన్నాను. సరేనండి అని వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 15
కరెంటు పోయినప్పుడు నేనూ ఒకసారి వెళ్ళి చూడొచ్చు. వాడు చెప్పాడని చూడాలా?

అక్టోబరు 6
దొరబాబుని ఎక్కించాం. ఒక స్టూలు, ఇద్దరు మనుషులు. ఎక్కగానే సెల్ఫీ కోసం పగ్గాలు వదిలేశాడు. పిల్ల పాపం ఓర్చుకుంది. పుట్టినరోజు నాడు పరువు తీస్తే మాత్రం దీన్ని సామర్లకోట పెళ్ళి బ్యాండు వాళ్ళకి ఇచ్చేస్తానండి అన్నాడు. వాళ్ళు ముళ్ళ కళ్ళెం వాడతారు. నోరు పుండైపోతుంది. నేను నేర్పిన గుర్రమండి ఇది, దానికేం భయం లేదు అన్నాను.

అక్టోబరు 20, సాయంత్రం 7.30
డీజే లారీ, డప్పులు, టపాసులు. పిల్ల నా పక్కన తల దించుకుని బుద్ధిగా నడిచింది. ఈ ఊళ్ళో బుద్ధి ఉన్నది దీనికొక్కదానికే అనుకున్నాను. హాలు గేటు దగ్గర దొరబాబుకి గుర్రం మీంచే నాలుగు మాటలు మాట్లాడాలనిపించింది. చెయ్యెత్తి అన్నీ ఆపించాడు. డీజే ఆగింది. డప్పులు ఆగాయి. జనం కూడా నోళ్ళు మూశారు.

పిల్ల ఒళ్ళంతా వణికింది. ముందుకాళ్ళు పైకెత్తేసింది. దొరబాబు వెళ్ళి మురుగు కాలవలో పడ్డాడు. భుజం ఎముక విరిగింది. జనంలో పోతురాజు కనిపించాడు. నా వైపే చూస్తున్నాడు.

అక్టోబరు 22
ఆసుపత్రికి పిలిపించారు. బూతులు తిడతారనుకున్నాను. తిట్టలేదు. దొరబాబు గారు నెమ్మదిగానే అడిగారు. తేడా పిల్లలో ఉందాండి, నేర్పడంలో ఉందాండి? నేర్పడంలో అయితే ఇంకో ఆరు నెలలు తీసుకోండి, ఉంచేసుకుందాం. పుట్టుకే అంతయితే ఇచ్చేద్దాం అన్నారు.

పోతురాజు మంచం పక్కనే కొబ్బరిబోండం పట్టుకుని నిలబడ్డాడు. నేనే చెప్తానని చూస్తున్నాడు.

పుట్టుకేనండి, జాతి పొగరు అన్నాను.

అక్టోబరు 24
సామర్లకోట నుంచి వ్యాను వచ్చింది. పిల్ల ఎక్కనంది. వాళ్ళు కర్ర తీశారు. వద్దని నేనే ముందు ఎక్కి పిలిచాను. నా వెనకే ఎక్కింది. నేను దిగాను, వాళ్ళు తలుపు వేశారు. ఇన్నాళ్ళూ ఈ డైరీలో ఎంతమందిని తిట్టి రాశానో చూసుకున్నాను. ఒక్కణ్ణే వదిలేశాను.

అక్టోబరు 27, ఆదివారం
సామాను సర్దుకుంటుంటే కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగాయి. నా చేతులు వణకడం మొదలెట్టాయి. పట్టుకున్నా ఆగలేదు. పోతురాజు నా చేతుల వైపు చూసి, పరిగెత్తి జనరేటర్ వేసి, వెనక్కి వచ్చి, తగ్గిందాండి అని అడిగాడు.