మన పండగ ఆటకు కుర్చీలు

అయోవా,
అక్టోబరు.

కాలేజీ అధ్యక్షురాలు లిండ్‌క్విస్ట్ గారికి నమస్కారాలు.

శనివారం ఫుట్‌బాల్ ఆటలో అవతలి జట్టు బంతిని చంకలో పెట్టుకుని మనవాళ్ల మధ్యలోంచే పరుగెత్తిందని మీరు బాధపడ్డారు. నిజమే. బంతిని గాల్లోకి విసిరి ఉంటే తప్పకుండా ఆపేవాళ్లం. విసరాల్సిన అవసరం వాళ్లకు రాలేదు.

"ఎందుకు పక్కకు జరిగావురా?" అని మన టకర్‌ని నిలదీశాను.

"అడ్డమొస్తే వాడికి దెబ్బ తగలదూ, కోచ్?" అన్నాడు. అంత మంచి కుర్రాణ్ణి ఏమనను?

ఇక పాత విద్యార్థుల పండగ. ఆ రోజు ఆటకు కచ్చితంగా ఓడిపోయే జట్టునే పిలవడం మన ఆనవాయితీ కదా. వెతికి వెతికి, రెండేళ్లుగా ఒక్క ఆటా గెలవని జట్టును పట్టుకున్నాను. ఫోన్‌లో వాళ్ల కోచ్ ఆనందం పట్టలేకపోయాడు.

"మీతోనా? ఎందుకు రాం, బాబూ! మా పాత విద్యార్థుల్ని కూడా తీసుకొస్తాం. మా పండగా అక్కడే చేసేసుకుంటాం!"

కనుక అతిథుల వైపు మరిన్ని కుర్చీలు వేయించమని మనవి. కొత్తవి కొనక్కర్లేదు, మన వైపువి జరిపితే చాలు.

ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాననుకుంటున్న
మీ డిఫెన్స్ కోచ్