అలికిన బాట

రేగడికుంట గ్రామం,
పటాన్‌చెరు మీదుగా.
17 మే 1958.

శ్రీయుత జిల్లా అభివృద్ధి అధికారి గారి సముఖానికి,
సంగారెడ్డి.

అయ్యా,

విషయం: రేగడికుంట నుండి పటాన్‌చెరు సడక్ వరకు కాలినడకకు, సైకిళ్లకు పనికివచ్చే బాట కొరకు సొమ్ము మంజూరు చేయుట గురించి, "బాట సుస్థితిలో ఉన్నది" అని రాసిన రిపోర్టును రద్దు చేయుట గురించి.

ఈ అర్జీ ఇప్పుడే రాయవలసి వచ్చిన కారణం ఒక్కటే. జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు. వానలు కూడా అప్పుడే మొదలవుతాయి. ఈలోపల బాట సంగతి తేలకపోతే మా ఊరి నుండి ఆలంబీ అనే ఆరో తరగతి పిల్ల ఇక మళ్లీ బడికి పోదు. ఆమె పూర్తిగా మానితే మిగిలిన ఇద్దరు ఆడపిల్లలను కూడా వాళ్ల తల్లులు పంపరు.

నేను కూలిపని చేసుకునే సంగప్ప బిడ్డను. మా ఇంట్లో దస్కతు చేయడం వచ్చిన మొదటి మనిషిని. ఈ బాట మీద నడిచే ఏడో తరగతి పాసయ్యాను. ఇప్పుడు బడి ఉన్న రోజుల్లో పొద్దున పిల్లలను సడక్ దాకా దిగబెట్టి వస్తుంటాను. కనుక ఈ కింది సంగతులు తెలిసి రాస్తున్నవే గాని విని రాస్తున్నవి కావని మనవి.

1. ఊరికీ సడక్‌కూ మధ్య ఉన్నది పొలం గట్ల మీద మనుషులు నడిచి నడిచి పడిన బాట. సగం దూరంలో ఒక వర్రె అడ్డం వస్తుంది. వానకాలంలో అందులో నడుము లోతు నీళ్లు పారుతాయి. నీళ్లు తీసినాక మోకాలి లోతు బురద నిలుస్తుంది. పట్నం దిక్కు కార్ఖానాలలో పనిచేసే మా ఊరి మగవాళ్లు సైకిళ్ల మీద పోయి వస్తారు. వర్రె దగ్గర మాత్రం మనిషి సైకిలు ఎక్కడు, సైకిలే మనిషి భుజం ఎక్కుతుంది.

2. పోయిన వానకాలం బడి నుండి వస్తూ ఆలంబీ ఆ వర్రెలో జారిపడింది. కుడిచేయి విరిగింది. కట్టు విప్పేసరికి మూడు నెలల పరీక్షలు దాటిపోయాయి. మళ్లీ బడికి పంపమని ఆమె తండ్రి ఖాసిం భాయిని బతిమాలబోయాను. "సదువు లేకున్నా చేతులుంటె బత్కుతది బిడ్డా. చేతులే లేకుంట సదువేం జేస్కుంటది?" అన్నాడు. నేను లేచి పోతుంటే ఆయనే మళ్లీ పిలిచి, "సర్కారుకు రాయి. బాట పడ్డనాడు నేనే సైకిల్ మీద కూసోబెట్టుకోని దించొస్త. అప్పటిదాంక నన్నడగకు" అన్నాడు.

3. అందువల్ల కార్తీకంలో మొదటి అర్జీ ఇచ్చాము. తమ దఫ్తరులోని గుమాస్తా గారు అది చదివి, బండ్ల బాటలకు సొమ్ము ఉన్నదనీ, మనుషులు నడిచే బాటలకు పద్దు లేదనీ సెలవిచ్చారు. మా ఊళ్లో బండ్లు ఉన్న ఇళ్లు మూడు. కాళ్లు మాత్రం అందరికీ ఉన్నాయి. ఈ మాట అప్పుడు అనలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను. చాలాసార్లు తిరిగినాక, ఓవర్సీరు గారు చూసి అవసరమని రాస్తే ఆలోచిస్తామన్నారు.

4. ఓవర్సీరు గారు వస్తున్నారని మాఘంలో పటేలు గారింటికి కబురు వచ్చింది. ముందురోజే ఊరి ఆడవాళ్లంతా బాట మీదికి వచ్చారు. జొన్నచొప్ప కట్టలు తెచ్చి వర్రె నిండా పరిచి మీద మట్టి పోశారు. గుంతలు పూడ్చారు. ఎర్రమట్టీ పేడా కలిపి వర్రెకు ఇరుపక్కలా చాలా దూరం అలికారు. తెల్లవారి ముగ్గులు కూడా పెట్టారు.

నేను అడ్డం పోయాను. "అమ్మా, ఆయన గుంతలు సూసెటందుకే వస్తుండు. పూడ్వకుర్రి" అన్నాను.

మా అమ్మ మల్లవ్వ పేడచేయి నడుము మీద పెట్టుకొని నిలబడింది. "నాలుగచ్చరాలు రాంగనె మర్యాద మర్సినవానే? సర్కారు మనిషి మనూరికొస్తె బొందలు సూపెడ్తమా? ఆయన కాలు జారితె ఎవ్వల పరువు పోతది?"

ఆలంబీ తల్లి జైతూన్ బీ కూడా అక్కడే మట్టి మోస్తున్నది. "నీ బిడ్డను నమ్మొద్దు మల్లక్కా. రేపు ఇంటికి సుట్టాలొస్తె చినిగిన చాపే ఏయమంటది" అన్నది. అందరూ నవ్వారు.

ఇంటికి ఎవరైనా వస్తే వాకిలి అలకడం మా ఆడవాళ్లకు తెలిసిన మర్యాద. వర్రెను కూడా వాకిలే అనుకున్నారు.

ఓవర్సీరు గారు సైకిలు మీద వచ్చారు. అలికిన బాట మీద ఈ చివరి నుండి ఆ చివరికి తొక్కుకుంటూ పోయి వచ్చి, "ఇంత సాఫు బాట సంగారెడ్డిల గూడ లేదు గదవ్వా!" అన్నారు. మా అమ్మ మురిసిపోయింది. "సారూ, కింద చొప్పే ఉన్నది. ఒక్కసారి కట్టెతోని గుచ్చి సూడుర్రి" అని నేను అన్నాను. "కింద చొప్పుంటె నాకేంది, బంగారముంటె నాకేంది? నా సైకిలు పోయిందా లేదా?" అన్నారు ఆయన. అలికిన జాగాలో కట్టె గుచ్చమంటావా అని మా పెద్దవాళ్లు నన్నే గదిమారు.

5. "బాట సుస్థితిలో ఉన్నది. వ్యయము అనవసరము" అని రిపోర్టు పోయింది. చైత్రంలో వడగండ్ల వాన ఒక్కటి పడింది. చొప్ప, మట్టి, ముగ్గులు అన్నీ కొట్టుకుపోయాయి. దఫ్తరుకు మళ్లీ పోయాను. "మిసిల్ల బాట మంచిగున్నది. నువ్వేమో కరాబున్నదంటున్నవు. మిసిలు నమ్మాల్నా, నిన్ను నమ్మాల్నా?" అని అడిగారు గుమాస్తా గారు, రిపోర్టు ఉన్న కాగితాల కట్ట తట్టి. నన్ను నమ్మవద్దు, వచ్చి చూడమన్నాను. "సూసిన బాటను మల్ల సూడాలంటె పైనుంచి హుకుం గావాలె" అన్నారు.

హుకుం రాలేదు. ఈ నెల మొదట్లో నోటీసు మాత్రం వచ్చింది. సుస్థితిలో ఉండిన బాట ఇంత స్వల్పకాలంలో ఎట్లు చెడిపోయినది, అందుకు గ్రామస్థులలో బాధ్యులెవ్వరు, సంజాయిషీ ఇవ్వవలెనని అందులో ఉన్నది. ఊరందరి ముందు నేనే చదివి వినిపించాను. ఎవరూ నవ్వలేదు. జైతూన్ బీ మాత్రం, "మేము జేసిందానికి మా మీదనే కేసా సోమమ్మా?" అని అడిగింది. కేసు కాదని చెప్పాను. నమ్మినట్టు లేదు.

6. అడిగినారు గనుక సంజాయిషీ: బాధ్యులు జొన్నచొప్ప, ఎర్రమట్టి, పేడ, వాన. వీటిలో మొదటి మూడు మా ఊరివే అని ఒప్పుకుంటున్నాము.

కావున ప్రార్థించునది ఏమనగా, ఆ రిపోర్టును రద్దు చేసి, వర్రె మీద తూములు వేసి కట్ట పోయడానికి, ఒక సైకిలూ పక్కన ఒక మనిషీ పోయేంత వెడల్పున బాట వేయడానికి సొమ్ము ఇప్పించగలరు. మట్టిపని అంతా మేమే చేస్తాము. చేయగలమన్న సంగతి ఓవర్సీరు గారి రిపోర్టే చెబుతున్నది. తూములు, రాళ్లు, సున్నం మా దగ్గర లేవు.

తమరు గాని, తమ తరఫున మరొకరు గాని చూడవస్తే దయచేసి ముందుగా కబురు పంపకండి. "ఈసారి ఎన్నడొస్తడట? పేడ ఎత్తిపెట్టాల్నా?" అని మా అమ్మ నిన్ననే అడిగింది. తెలియదన్నాను. అది నిజమే కావాలని కోరుతున్నాను.

విధేయురాలిని అని రాయాలని బడిలో నేర్పారు, అట్లే రాస్తున్నాను. చిత్తగించి, కాళ్లు తడిసే రోజున ఒక్కసారి మా వర్రె దాటి చూడగలరు.

ఇట్లు,
తమ విధేయురాలు,
సంగప్ప బిడ్డ సోమమ్మ.

తా.క. జవాబు పటేలు గారింటికి కాక నా పేరిట, ఇంగ్లీషులో కాక తెలుగులో పంపగలరు. ఖాసిం భాయిని మళ్లీ అడిగి ఒక్క గడువు తెచ్చుకున్నాను. ఆ తర్వాత పిల్లను కుట్టుపనికి కూర్చోబెడతాడు. ఇవ్వము అనే రాసినా సరే, జూన్ 5వ తేదీ లోపల రాయగలరు. ఆ కాగితం నేను చదివి వినిపించను. ఆలంబీ చేతికే ఇస్తాను. దాన్ని చదువుకునేంత చదువు ఆమెకు ఇప్పటికే వచ్చింది.