వంతెన మీద రాళ్లు

జూన్ 19
నడుం విరిగింది కానీ పని అయింది. ఇంటికి ఉన్నట్టు పైకప్పున్న ఆ పాత చెక్క వంతెనను జాక్‌లతో పైకి లేపాం. రెండు ఒడ్డుల్నా ఉన్న దాని పాత రాతి గోడల మీంచి తప్పించి, ఏట్లో పేర్చిన దుంగల మీద కూర్చోబెట్టాం. కింది దూలాల చివర్లు కుళ్లిపోయాయి. కొత్తవి అతికేదాకా అది అక్కడే. వెర్మాంట్ స్టేట్ ఇంజినీరు దృష్టిలో ఇదంతా దండగ, కాంక్రీటు వంతెన వేసి పారేద్దామంటాడు. బాగుచేయడానికి మాకు ఇచ్చింది ఈ ఒక్క వేసవే.

జూన్ 24
ఎల్‌వుడ్ వచ్చాడు. వంతెన కట్టింది వాళ్ల తాత. ఎనభై దాటినా రోజూ వచ్చి నా బుర్ర తింటాడు. చలికాలంలో చక్రాల్లేని స్లెడ్జి బళ్లు జారడానికి వంతెన లోపల మంచు పరిచేవాళ్లట. "మంచు పడకుండా కప్పు వేసిందీ మేమే, లోపలికి మంచు మోసిందీ మేమే, మాకంటే వెర్రోళ్లుంటారా అమ్మాయ్" అని నవ్వాడు. వరదొస్తే ఊరంతా రాళ్లు మోసి వంతెన మీద పేర్చేవాళ్లట, ఏరు ఎత్తుకుపోకుండా. ఎన్నిసార్లు విన్నానో ఈ కథ. పని చేసుకుంటూ ఊఁ కొట్టాను.

జులై 7
వాన.

జులై 9
వానే. దుంగలకి ఇంకో గొలుసు బిగించాం.

జులై 11, సాయంత్రం
రోడ్డు కొట్టుకుపోయింది, ఫోన్లు లేవు. నిన్నంతా ఇంట్లో ఇరుక్కుపోయాను. ఇవాళ కొండ దారిన నడిచి వెళ్లాను. వంతెన ఉంది! ప్రాణం లేచొచ్చింది. నీళ్లు కూడా తగ్గుముఖం పట్టాయి.

తర్వాత లోపలికి చూశాను. రాళ్లు. పొలం గట్ల రాళ్లన్నీ అక్కడే ఉన్నాయి. రెండు ట్రాక్టర్లు, ఎవరిదో గడ్డి బండి. ఊరివాళ్లంతా పొద్దున్నుంచీ మోస్తున్నారట. ఎల్‌వుడ్ బురదలో నిలబడి "కంగారు పడకమ్మాయ్, మేముండగా దాన్ని కదలనిస్తామా" అని అరిచాడు. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. వాళ్లావిడ బెర్నిస్ కాఫీ పోస్తోంది.

రాతి గోడల మీద ఉంటే ఆ బరువే కాపాడేది. ఇప్పుడది నిలబడింది దుంగల మీద, దుంగల కింద ఉన్నది ఇసుక. బయటికి రండి, బయటికి రండి అని గొంతు చించుకున్నాను. మనుషులు దూకేశారు. దుంగలు ఒక పక్కకి దిగిపోయాయి. వంతెన కప్పుతో సహా ఏట్లోకి ఒరిగింది. నేను మనుషుల కోసమే అరిచాననుకున్నారు అందరూ.

జులై 14
చెక్కలు ఏరుకుంటున్నాం. కాంక్రీటు ఖాయం చేశారు. ఒళ్లు మండిపోతోంది, ఎవరిని తిట్టను? ఎల్‌వుడ్ ఆ రాళ్ల కథ చెప్పిన రోజు ఒక్క మాట, ఈసారి రాళ్లు వేయకూడదు తాతా అని ఒక్క మాట అని ఉంటే అయిపోయేది.

జులై 20
ఎల్‌వుడ్ అన్నం నీళ్లు మానేశాడని బెర్నిస్ ఏడుస్తూ వచ్చింది. వెళ్లాను. వంటింట్లో కుర్చీలో కూర్చున్నాడు, గడ్డం కూడా గీసుకోలేదు. ఒక్కటి అడుగుతాను, నా మీద జాలిపడి అబద్ధం చెప్పకు అన్నాడు. రాళ్లు పెట్టకపోతే నిలిచేదా అని అడిగాడు.

నిలిచేది కాదన్నాను.

జులై 23
ఎల్‌వుడ్ తింటున్నాడు. ఇంకో రెండు బళ్ల రాళ్లు వేసుంటే వంతెన దక్కేదని ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతున్నాడు.